కంటె వెంట ఎనిమిది ఆదివారాలు: విశాఖలో ఒక నాటక పఠన తరగతి

దీనికి బోర్డు లేదు, పేరు కూడా లేదు. వచ్చేవాళ్ళంతా 'ఆదివారం క్లాసు' అంటారు. ద్వారకానగర్‌లో ఒక ట్యూషన్ సెంటర్ రెండో అంతస్తు ఆదివారం ఖాళీగా ఉంటుంది కాబట్టి అక్కడ పెట్టారు. ఎనిమిది ఆదివారాలు, ఉదయం 10 నుంచి 12.30 దాకా, మధ్యలో పావుగంట టీ. ఫీజు 1,800 రూపాయలు. జిరాక్సు ప్యాకెట్ అందులోనే వస్తుంది, విజయనగరం ప్రయాణానికి మాత్రం విడిగా 500 కట్టాలి. బ్యాచికి పాతిక మంది. చెప్పేది ఇద్దరు: కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన మేష్టారు ఒకరు, రంగస్థల నటుడు ఒకరు. పాఠం గురజాడ అప్పారావు నాటకం కన్యాశుల్కం, శుల్కం పుచ్చుకుని ఆడపిల్లల్ని అమ్మే పెళ్ళిళ్ళ కథ. తోడుగా సంస్కృత నాటకాలు శాకుంతలం, మృచ్ఛకటికాల తెలుగు అనువాదాల్లోంచి కొన్ని ఘట్టాలు చదివిస్తారు.

గిరీశం దేనికి ప్రతీక, మధురవాణి దేనికి ప్రతీక అని రెండు కాలమ్స్‌లో రాసుకుని పోటీపరీక్షకి వాడుకుందామని వెళ్ళేవాళ్ళకి ఫీజు దండగ. అలాంటి కాగితం ఒకటి ప్యాకెట్‌లో ఉన్న మాట నిజమే. ప్యాకెట్ మొత్తంలో పనికిరానిది అదొక్కటే, దాని సంగతి తర్వాత. ఈ తరగతి ఇచ్చేది అర్థాల జాబితా కాదు. నాటకంలో ఒక వస్తువు ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయిందో పట్టుకుని వెళ్ళడం నేర్పుతుంది. మొదటి నాలుగు వారాలు ఆ పని ఎంత బాగా చేశారంటే, చివరి రెండు వారాల నీరసాన్ని క్షమించేయొచ్చు.

మొదటి రోజు గంటన్నర ఒక్క పేజీ మీదే గడుస్తుంది. తెర లేవగానే బొంకులదిబ్బ దగ్గర గిరీశం తనలో తాను మాట్లాడుకునే ఘట్టం. పూటకూళ్ళమ్మకి సంతలో సామాను కొనిపెడతానని పట్టుకెళ్ళిన 20 రూపాయలు డాన్సింగ్ గర్ల్ (వేశ్య మధురవాణి) కింద ఖర్చయిపోయాయి, ఆవిడతో యుద్ధమయింది, ఊళ్ళో ఇక నిలవడం కష్టం. ఈ పేజీ మీద మేష్టారు బోర్డు మీద అయిదు గళ్ళ పట్టిక గీస్తారు: అంకం-స్థలం, వస్తువు లేదా డబ్బు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఏ మాట చెప్పి, ఆ సమయానికి అక్కడ లేనివాళ్ళెవరు. 20 రూపాయలతో మొదటి వరస నింపితే గిరీశం సగం దొరికిపోతాడు. పూటకూళ్ళమ్మ అక్కడ లేదు, మధురవాణి అక్కడ లేదు, ఇద్దరి డబ్బూ ఇద్దరి పేరూ వాడి నోట్లోనే తిరుగుతున్నాయి. నాటకమంతా వాడు చేసే పని అదే. వితంతువు గురించి ఉపన్యాసం ఇచ్చినా, వెంకటేశానికి చదువు చెప్తానన్నా, ఎదురుగా లేనివాళ్ళ సొమ్ము మీద మాట తిప్పడమే.

అయిదో గడి ఈ పట్టిక ప్రాణం. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు, వదిలేసినవాళ్ళకి నాలుగో వారానికి పట్టిక కొట్టు పద్దులా తయారవుతుంది. తండ్రి అగ్నిహోత్రావధాన్లు ముసలి లుబ్ధావధాన్లకి అమ్మబోయే చిన్నపిల్ల సుబ్బి పెళ్ళి మాటలు ఎన్నిసార్లు వస్తాయో లెక్కపెట్టి, అందులో సుబ్బిని అడిగిన సందర్భాలు ఎన్నో పక్కన వేసి చూస్తే ఆ గడి ఎందుకుందో తెలుస్తుంది.

మొదటి రోజే బొంకులదిబ్బ మీద వాదన లేస్తుంది. బొంకు అంటే అబద్ధం కాబట్టి అబద్ధాలకోరు పాత్ర అబద్ధాల దిబ్బ మీద నిలబడ్డాడని ఎవరో ఒకరు అంటారు, అందరూ తల ఊపుతారు. అయితే ఆ పేరు గురజాడ కల్పించింది కాదు, విజయనగరంలో నిజంగా ఉన్న చోటే. మేష్టారు ఇక్కడ చేసిన విభజన తరగతి మొత్తంలో అన్నిటికన్నా పనికొచ్చే మాట: రచయిత పుట్టించిన పేరు వేరు, ఉన్న పేర్లలోంచి ఎంచుకున్న పేరు వేరు. లుబ్ధావధాన్లు, ప్లీడరు సౌజన్యారావు మొదటి రకం. మొదటివాడి పేరులోనే పిసినారితనం, రెండోవాడి పేరులోనే మంచితనం. బొంకులదిబ్బ రెండో రకం. మొదటి రకం పేర్ల అర్థం విప్పితే పొందే లాభం తక్కువ, పేరు విన్న ప్రేక్షకుడికి అది ముందే తెలుసు. రెండో రకంలో ఊళ్ళో ఇన్ని చోట్లుండగా ఇక్కడే ఎందుకు అని అడగాలి. కరటకశాస్త్రి ఈ రెంటికీ మధ్య ఉంటాడు. పంచతంత్రంలో నక్క పేరు పెట్టుకున్న ఈయన మహారాజుగారి నాటక కంపెనీలో విదూషకుడు. వేషం కట్టడమే వృత్తిగా ఉన్నవాడు మేనకోడలు సుబ్బి పెళ్ళి తప్పించడం కోసం ఒక మాయ పెళ్ళిని రంగం మీదికి ఎక్కిస్తాడు.

రెండో వారానికి వచ్చేసరికి చిన్న గోల మొదలైంది. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ముద్రణ, పేజీ నంబర్లు కలవవు. పైగా ప్యాకెట్‌లో ఒకచోట 1897 నాటి మొదటి కూర్పు పాఠం, 1909 నాటి రెండో కూర్పు పాఠం ఒకే కాగితం మీద అతికించి జిరాక్సు తీశారు. ఇది చిన్న పొరపాటు కాదు. 1892లో విజయనగరంలో ఆడింది, 1897లో అచ్చయింది అయిదంకాల నాటకం. ఇవాళ అందరూ చదివే ఏడంకాల కన్యాశుల్కం 1909లో గురజాడ తిరగరాసింది. మధురవాణి ఇంత పెద్ద పాత్ర అయ్యింది ఆ తిరగరాతలోనే. రెండు కూర్పులూ కలిపేసి ఆమె గురించి మాట్లాడితే, ఒకే మనిషికి రెండు పుట్టినరోజులు చేసినట్టు. చెప్పినవారు పొరపాటు ఒప్పుకుని ఆ కాగితం మార్చి ఇచ్చారు, అదీ మూడు వారాలు గడిచాక. చేరేవాళ్ళు 1909 కూర్పు పూర్తి ప్రతి ఒకటి సొంతంగా తెచ్చుకోవాలి. సంక్షిప్త ప్రతులు తేవద్దు, పేకాట, మంత్రగాడు గవరయ్య, పోలిశెట్టి లాంటివన్నీ మొదట కత్తిరించేది వాటిలోనే. పేజీ నంబరు బదులు అంకం, స్థలం, ఎన్నో మాట అని పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటే పక్కవాళ్ళ పుస్తకంతో పేచీ ఉండదు.

మూడో వారం కంటె. ఈ తరగతికి ఎవరైనా ఒక్క రోజే వెళ్ళగలిగితే ఆ రోజు వెళ్ళాలి.

కంటె అంటే మెడకి పెట్టుకునే నగ, మధురవాణిది. పెళ్ళికూతురి మెడలో పెట్టడానికని ఆమెని ఉంచుకున్న రామప్పంతులు అరువు పట్టుకెళ్తాడు. ఆ పెళ్ళికూతురు నిజానికి కరటకశాస్త్రి శిష్యుడు మహేశం, ఆడవేషంలో ఉన్న కుర్రాడు. పెళ్ళయ్యాక పెళ్ళికూతురు గానీ కంటె గానీ కనిపించవు. కంటె తెస్తేగాని గడప తొక్కొద్దని మధురవాణి పంతుల్ని బయట నిలబెడుతుంది. పంతులు కంటె కోసం లుబ్ధావధాన్ల మీద పడతాడు. లేని ఆడపిల్లని చంపాడని అవధాన్ల మీద ఖూనీ మాట లేస్తుంది. పట్టికలో ఈ వరసలు నింపాక నటుడు అందర్నీ పెన్నులు కింద పెట్టమని, 'కంటె తీసేసి కథ చెప్పండి' అన్నాడు. ఎవరూ చెప్పలేకపోయారు. రామప్పంతులు ఇంట్లోంచి బయటికి రావడానికి కారణం లేదు, లుబ్ధావధాన్లతో తగువు లేదు, కథ విశాఖపట్నం దాకా రావడానికి దారి లేదు. అప్పుడు చుట్ట తీసేసి చెప్పమన్నాడు. గిరీశం చుట్ట, దాని మీద పద్యం, పొగ తాగనివాడు దున్నపోతై పుట్టున్ అనే ముక్తాయింపు, అన్నీ తీసేసినా కథ ఒక్క అడుగు పక్కకి జరగలేదు. గిరీశం మాత్రం చప్పబడ్డాడు.

ఈ తీసివేత లెక్కతో తేలేది ఇది: కంటె కథని మోసే వస్తువు, చుట్ట మనిషిని చూపించే వస్తువు. రెంటినీ ప్రతీక అనే ఒకే సంచీలో వేసేస్తే ఏదీ సరిగా కనపడదు. ఇదే పరీక్ష శాకుంతలం ఉంగరం మీద పెట్టారు. భారతంలోని శకుంతల కథలో ఉంగరమూ లేదు, దుర్వాసుడి శాపమూ లేదు. అవి కాళిదాసు చేర్చినవి. రెండూ తీసేస్తే భారతంలోని దుష్యంతుడు మిగులుతాడు. అన్నీ తెలిసి సభలో ఎరగనన్న రాజు అతను, ఆకాశవాణి పలికేదాకా ఒప్పుకోడు. కాబట్టి ఉంగరాన్ని ప్రేమకి గుర్తు అని రాసి ఊరుకుంటే సగమే. రాజు మీది నింద కడగడానికి పెట్టిన వస్తువు కూడా అదే. శాకుంతలానికి ఇచ్చిన సమయం ముప్పావుగంటే. తుమ్మెద, లేడి ఘట్టాలు హడావిడిలో పోయాయి.

మృచ్ఛకటికానికి మాత్రం తగినంత టైమ్ ఇచ్చారు, ఇవ్వాల్సిందే కూడా. ఆరో అంకంలో చారుదత్తుడి కొడుకు రోహసేనుడు మట్టిబండి వద్దు, బంగారు బండి కావాలని ఏడుస్తాడు. చారుదత్తుణ్ణి ప్రేమించిన వేశ్య వసంతసేన తన నగలు తీసి ఆ బండిలో నింపుతుంది. తొమ్మిదో అంకంలో న్యాయస్థానంలో చారుదత్తుడి స్నేహితుడు మైత్రేయుడి చంకలోంచి జారిపడేవి ఆ నగలే. వసంతసేనని చారుదత్తుడు చంపాడన్న నేరానికి అవే సాక్ష్యమవుతాయి, ఆమె బతికే ఉండగా. ఇప్పుడు కన్యాశుల్కం పట్టిక దాని పక్కన పెట్టండి. అక్కడా వేశ్య నగ, ఇక్కడా వేశ్య నగ. అక్కడ చావని ఆడమనిషి ఖూనీ, ఇక్కడ అసలు లేనే లేని ఆడపిల్ల ఖూనీ. రెండు చోట్లా నింద పడ్డవాణ్ణి కాపాడేది ఆ వేశ్యే. తేడా ముద్దాయిలో ఉంది. చారుదత్తుడు దానం చేసి చితికిపోయినవాడు, లుబ్ధావధాన్లు దాచుకుని దాచుకుని ముసలితనంలో పిల్లని కొనుక్కోబోయినవాడు. యోగ్యుణ్ణి కాపాడితే అది ప్రేమకథ. ఇలాంటివాణ్ణి కాపాడటానికి ఊరు దాటి వచ్చిందంటే మధురవాణిని ఏమని పిలవాలో తరగతిలో ఎవరికీ మాట దొరకలేదు, చెప్పేవారు కూడా మాట అందించలేదు. అందించకపోవడమే మంచిదైంది.

నాలుగో వారం నటుడిది. 'తాంబూలాలిచ్చేశాను, ఇహ తన్నుకు చావండి' అనే అగ్నిహోత్రావధాన్ల మాట రెండు రకాలుగా చెప్పి చూపించాడు. మొదటిసారి చెయ్యి విసిరి, గొంతెత్తి, కండువా దులిపి చెప్పాడు. అందరూ పడి పడి నవ్వారు. రెండోసారి మొహం అటు తిప్పుకుని, కాళ్ళు కడుక్కోవడానికి చెంబు అందుకుంటూ, ఆ రోజుకి పని అయిపోయినవాడిలా నెమ్మదిగా చెప్పాడు. హాల్లో ఫ్యాన్ చప్పుడు వినిపించింది. ఆ వెంటనే మేష్టారు మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాటలోని లెక్కలు చదివారు. విశాఖపట్నం జిల్లాలో శుల్కం పుచ్చుకుని చేసిన బ్రాహ్మణ వివాహాలకి విజయనగరం మహారాజు పట్టీ తయారుచేయిస్తే మూడేళ్ళలో 1,034 తేలాయి. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. ముందు నవ్వు, తర్వాత నిశ్శబ్దం, ఆపైన అంకెలు. వరస తిరగేసి ఉంటే ఇంత పని చేసేది కాదు. మొదటి రోజు 20 రూపాయలు ఎంత సొమ్మో అప్పుడు గానీ తట్టలేదు.

అదే రోజు వేషాల మీద ఒక మాట వచ్చింది, అది దాచుకోదగ్గది. ఆడవేషం వేసుకున్న మగపిల్లాణ్ణి డబ్బిచ్చి కొంటారు. చివరి అంకంలో మగవేషం వేసుకున్న మధురవాణి మాటని సౌజన్యారావు ఇంట్లో కూర్చోబెట్టి వింటారు. గిరీశానికి బట్టలు మార్చుకోవాల్సిన పనిలేదు, వాడి వేషం ఇంగ్లీషు.

1955 సినిమా చూసి వచ్చేవాళ్ళతో ఒక ఇబ్బంది ఉంటుంది. రామారావు గిరీశం ముచ్చటగా ఉంటాడు, ఆ ముచ్చట వదులుకోవడానికి వాళ్ళకి రెండు వారాలు పడుతుంది. సినిమా చూసినా చూడకపోయినా తరగతికి అడ్డు లేదు, కానీ పట్టికలో సినిమా ఘట్టాలు రాసెయ్యకుండా చూసుకోవాలి.

ఇక ఆ కాగితం. 'ప్రతీకలు, అర్థాలు' అని పైన రాసి, చుట్ట అంటే పాశ్చాత్య వ్యామోహం, కంటె అంటే ధనాశ, నుయ్యి అంటే స్త్రీ దుఃఖం అని ఇరవై వరసలు. దీన్ని ఇంకెక్కడి నుంచో తెచ్చారని ఒక్క వరసే పట్టిస్తుంది: 'గుంట' అంటే సమాజం తవ్విన గొయ్యి అని రాసి ఉంది! మన వైపు గుంటంటే ఆడపిల్ల. ఈ నాటకంలో ఆ మాట ఆ అర్థంలోనే వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖల్లో పెరిగిన ఏ ముసలమ్మని అడిగినా చెప్పేది. మాట తెలియకుండా ప్రతీక వెతికితే ఏమవుతుందో చూపించడానికి ఆ కాగితాన్ని ఉదాహరణగా వాడుకోవచ్చు. వాళ్ళు వాడుకోలేదు, బట్టీకి ఇచ్చారు. పనివాడు అసిరిగాడి మాటలూ అంతే. వాటిని పైకి చదివించకుండా దాటేశారు. ఈ ఊళ్ళో, ఈ యాస వచ్చిన పాతిక మంది ముందు, అది చెయ్యకూడని తప్పు.

అయిదో వారం విజయనగరం. ఉదయం ఆరున్నరకి ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర వ్యాను ఎక్కించారు, అరవై కిలోమీటర్ల దారి. బొంకులదిబ్బ, గురజాడ ఇల్లు చూపించి మధ్యాహ్నం భోజనానికి వెనక్కి తెచ్చేశారు. గిరీశం పేజీని ఆ చోట నిలబడి చదవాలని అనుకున్నారు గానీ ఆటోల హారన్లలో ఒక్క ముక్క వినపడలేదు. చదవాలంటే ఇంకా పెందరాళే బయల్దేరాలి. 500కి మోసం లేదు, అద్భుతమూ లేదు. ఆ పూట రాలేనివాళ్ళకి పాఠం పోదు.

ఆరో వారం సౌజన్యారావు. ఇక్కడ మేష్టారుతో పేచీ. ఆయన లెక్కలో సౌజన్యారావు రచయిత గొంతు. పట్టిక అలా చెప్పడం లేదు. ఖూనీ కేసులో దారి దొరికేది ప్లీడరు తెలివితో కాదు, మధురవాణి తెచ్చిన నిజంతో. గిరీశం అసలు రంగు బయటపెట్టేదీ ఆమే. వేశ్యల మొహం చూడనని పట్టుపట్టిన పెద్దమనిషి వేశ్య సాయం లేకుండా ఒక్క పనీ పూర్తి చెయ్యలేడు. బదులుగా ముద్దు అడిగి, అతను సిద్ధపడ్డాక, చెడనివాళ్ళని చెడగొట్టొద్దని తల్లి చెప్పిందని తనే వెనక్కి తగ్గుతుంది. ఈ ఘట్టంలో ఎవరు ఎవరికి పాఠం చెప్పారో అయిదో గడి నింపిన ఎవరికైనా తెలుస్తుంది. తనే నేర్పిన పద్ధతిని మేష్టారు తనకి నచ్చిన పాత్ర దగ్గర పక్కన పెట్టేశారు. టీ టైమ్‌లో ఈ మాట అడిగితే విసుక్కోలేదు, అది ఆయన పెద్దరికం.

ఏడు, ఎనిమిది వారాల్లో ఒక్కొక్కరు ఒక పాత్ర మీద పది నిమిషాలు మాట్లాడాలి. పాతిక మందికి టీ పోగా మిగిలే నాలుగున్నర గంటలు బొటాబొటీ. సగం మంది గిరీశాన్నే ఎంచుకుంటారు, సంఘసంస్కర్త, అవకాశవాది అనే రెండు మాటల మధ్య ఊగిసలాడి కూర్చుంటారు. చేరేవాళ్ళకి ఒక సలహా: పోలిశెట్టిని గానీ, పూటకూళ్ళమ్మని గానీ, మీనాక్షిని గానీ తీసుకోండి. పది నిమిషాలకి సరిపోయే మాటలు వాళ్ళ దగ్గరుంటాయి, పక్కవాళ్ళు మీ ముక్కలు ముందే చెప్పేసే ప్రమాదం ఉండదు.

హాలు సంగతులు. లిఫ్ట్ లేదు, మెట్లు నలభై దాకా. కిటికీ వైపు కూర్చుంటే రోడ్డు చప్పుడు, వెనక వరసలో కూర్చుంటే మేష్టారి గొంతు అందదు. ఎడమ వైపు రెండో వరస మేలు. బండ్లకి జాగా లేదు, పబ్లిక్ లైబ్రరీ వైపు ఎక్కడో పెట్టి నడిచి రావాలి. రికార్డింగ్ చెయ్యనివ్వరు, నోట్సే దిక్కు. పట్టికకి బారుగా ఉండే లాంగ్ నోటుబుక్కు అడ్డంగా తిప్పి వాడుకోవాలి, మామూలు నోటుబుక్కులో అయిదు గళ్ళు ఇరుకు.

వచ్చే బ్యాచి వాళ్ళు అడిగి చదివించుకోవలసిన ఘట్టం ఒకటి మిగిలిపోయింది, టైమ్ చాలలేదని వదిలేశారు. మాయ పెళ్ళికూతురు మాయమయ్యాక గవరయ్య వచ్చి, వచ్చింది పెళ్ళికూతురు కాదు, కామినీ పిశాచి అని తేల్చి, సీసాలో పెట్టి బిరడా బిగిస్తాడు. కంటెకి చేసినట్టే దీనికీ అయిదు గళ్ళూ నింపండి. వస్తువు: ఖాళీ సీసా. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి: గవరయ్య చేతిలోంచి ఇంటివాళ్ళ భయంలోకి. అక్కడ లేనివాళ్ళెవరు అన్న గడి దగ్గర పెన్ను కాసేపు ఆగుతుంది.